కత్తి ఎవరికి? కరుణ ఎవరికి?

“కోసి అవతల పారేయండి డాక్టరుగారూ, పీడా వదులుతుంది!”

ఊపిరితిత్తిలో కేన్సరని తెలియగానే బంధువులు నాతో అనే మొదటి మాట ఇదే. నిజానికి కత్తి పట్టడం కంటే, ఎవరికి పట్టాలో తేల్చడమే కష్టం.

మొదటి ప్రశ్న: జబ్బు ఎందాకా పాకింది? ఊపిరితిత్తిలోనే ఒకచోట ఉంటే తీసెయ్యవచ్చు. మెదడుకో, ఎముకలకో, కాలేయానికో పాకాక ఛాతీ కోసినా సాధారణంగా ఫలితం ఉండదు. అంచేత ముందు స్కానులు తీయిస్తాం. రెండు ఊపిరితిత్తుల నడుమ ఉండే లింఫు గ్రంథుల్లోంచి అవసరాన్నిబట్టి ముక్క తీసి పరీక్షిస్తాం.

రెండో ప్రశ్న: మిగిలిన ఊపిరి మనిషిని మోయగలదా? కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలు, ఎడమదానిలో రెండు. ఒకటి తీసేస్తే మిగిలే శక్తి ఎంతో, గొట్టంలోకి ఊదించి ముందే లెక్కకడతాం. ఉండవలసినదానిలో నూటికి 60 పాళ్లు మించితే ధైర్యమే. తగ్గితే మేడమెట్లు ఎక్కించి చూస్తాం. 22 మీటర్ల ఎత్తు ఎక్కగలిగితే మంచి సూచన. వయస్సొక్కటే అడ్డు కాదు. డెబ్భై అయిదేళ్ల రైతు చకచకా ఎక్కుతాడు. పెట్టెలకొద్దీ సిగరెట్లు కాల్చిన యాభయ్యేళ్ల గుమాస్తా రెండో అంతస్తులోనే కూలబడతాడు.

ఒక పెద్దాయనకు గడ్డ చిన్నదే, కాని ఊపిరి బలం లేదు. “నాన్నకి ఆపరేషను చెయ్యరా?” అని కూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది. “చేస్తే బల్ల దిగరేమోనమ్మా” అనక తప్పలేదు. గురిచూసి ఇచ్చే రేడియేషనుకు పంపాను. కత్తి వద్దంటే వైద్యమే లేదని కాదు.

1933 ఏప్రిల్ 5న అమెరికాలోని సెయింట్ లూయీస్‌లో ఎవార్ట్స్ గ్రాహం అనే సర్జను, జేమ్స్ గిల్మోర్ అనే డాక్టరుకు కేన్సరు సోకిన ఎడమ ఊపిరితిత్తిని మొత్తంగా తీసేశాడు. గిల్మోర్ 1963 దాకా బ్రతికాడు. సిగరెట్టుకూ ఈ జబ్బుకూ ఉన్న లంకెను 1950లో విండర్‌తో కలిసి చూపిన గ్రాహం కూడా పొగతాగినవాడే. ఆయనకూ అదే జబ్బు వచ్చింది. బయటపడేటప్పటికి రెండువైపులా పాకింది, కత్తికి తావులేదు. 1957లో కన్నుమూశాడు. రోగి మిగిలాడు, వైద్యుడు పోయాడు!

మన దేశంలో మరో చిక్కు. ఎక్సురేలో మచ్చ కనిపిస్తే క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగేవారున్నారు. ఈలోగా ఆపరేషను అదను దాటిపోతుంది. అందుకే చెబుతున్నాను: దగ్గు మూడు వారాలు దాటినా, కఫంలో రక్తపు చార కనిపించినా ఉపేక్షించకండి. కళ్లె పరీక్షలో క్షయ క్రిములు కనబడక, మందులకు మచ్చ కరగకపోతే, “ఇది మరేదైనానా?” అని మీ డాక్టరును నిలదీసి అడగండి. ఆయన ఏమీ అనుకోడు.