కోతకు ముందు ముడతలు

కడప, కర్నూలు పల్లెల్లో చింతకాయలు రాల్చడానికి చెట్టెక్కినవాడు కొమ్మ విరిగి నిలువునా కాళ్ల మీద పడితే, ముందు నలిగేది మడమ ఎముకే. సంగటి ముద్దలో పులుసు కోసం బొటనవేలితో గుంట చేస్తామే, అట్లా పైనున్న చీలమండ ఎముక దాంట్లోకి దిగబడుతుంది. పైన పలుచని పెంకు, లోపల గుల్ల. కుంగక ఏం చేస్తుంది? అదే అదురు ఒక్కోసారి నడుం దాకా పాకుతుంది కాబట్టి డాక్టర్లు వెన్నునూ చూస్తారు.

ఎంత కుంగిందో కొలవడానికి వియన్నా డాక్టరు లోరెంజ్ బోలర్ 1931లో ఎక్స్‌రే మీద రెండు గీతల మధ్య కోణం చూపించాడు. బాగున్న మడమలో అది 20 నుంచి 40 డిగ్రీలు. మరి కుంగినదాన్ని లేపేదెట్లా? యుద్ధంలో పారాచూట్ సైనికుల దెబ్బలు చూసిన బ్రిటన్ సర్జన్ పీటర్ ఎసెక్స్-లోప్రెస్టి, మడమ వెనకనుంచి ఉక్కు చీల దించి ముక్కను పైకెత్తాడు. గడ్డపారతో బండ లేపే బేతంచెర్ల నాపరాయి గనుల వాళ్లకు ఈ కిటుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1952లో ఈ పద్ధతి మీద ఆయన రాసిన వ్యాసం అచ్చయ్యేనాటికి ఆయన బతికిలేడు.

కీలు ముక్కలు ముక్కలైతే చీల చాలదు. అందుకని మడమ బయటిపక్క ‘ఎల్’ ఆకారపు పెద్ద కోత, లోపల రేకు, స్క్రూలు వచ్చాయి. ముక్కలన్నీ కంటికి కనబడతాయి, సర్జన్‌కు అంతకన్నా ఏం కావాలి! చిక్కంతా తోలుతోనే. అక్కడ చర్మం కింద కండ లేదు. నెత్తురందక కోత మూల నల్లబడుతుంది, చీము పడుతుంది. బీడీ తాగేవాళ్లకు, షుగరున్నవాళ్లకు మరీ. అందుకే వాపు దిగి చర్మం మీద ముడతలు కనబడేదాకా వారమో, రెండు వారాలో ఆగుతారు. ఇంటివాళ్లకు నాటువైద్యుల పుత్తూరు కట్టు గుర్తొచ్చేది ఆ రోజుల్లోనే. చోటు తప్పని ఎముకను కట్టు కదలకుండా ఉంచగలదేమో గానీ, కుంగిన కీలును వెదురుబద్దలు లేపలేవు. వాపు మీద బిగిస్తే తోలుకే చేటు.

తోలు మాట విన్నాకే కోత చిన్నదయింది. ఇప్పుడు చాలా విరుగుళ్లకు చీలమండ కింద మూడు నాలుగు సెంటీమీటర్ల కోత చాలు, లేదా చిన్న రంధ్రాల్లోంచి స్క్రూలు. పుండ్ల బెడద తగ్గింది. అయితే 2014లో బ్రిటన్‌లో 151 మందిని పోల్చినప్పుడు, పెద్ద కోతతో రేకు వేసినవాళ్లకూ కత్తి పెట్టనివాళ్లకూ రెండేళ్ల తర్వాత నొప్పిలో, నడకలో పెద్ద తేడా లేదు. మడమ మరీ వికారంగా మారినవాళ్లను ఆ పోలికలో చేర్చలేదు లెండి.

ఏ పద్ధతైనా వారాల తరబడి ఆ కాలు నేలకు మోపకూడదు. అప్పటికి చింతకాయల కాలం అయిపోతుంది.