గణిత భయం

గణిత భయం అనగా లెక్కలు చేయవలసి వచ్చినప్పుడు, లేదా ఆ ఆలోచన కలిగినంత మాత్రాన, విద్యార్థిలో తలెత్తే ఆందోళన. ఇది తెలివితేటల లోపం కాదు. ఇంటివద్ద సులభంగా చేసిన లెక్క పరీక్ష గదిలో గుర్తుకు రాకపోవడం దీని ముఖ్య లక్షణం. గుండె వేగంగా కొట్టుకోవడం, అరచేతులకు చెమట పట్టడం, గణిత పుస్తకం తెరవడాన్ని వాయిదా వేయడం ఇతర లక్షణాలు.

పరిశోధనలు

1972లో అమెరికాకు చెందిన రిచర్డ్‌సన్, సూయిన్ ఈ భయాన్ని కొలిచేందుకు ఒక ప్రశ్నావళిని రూపొందించారు. 2001లో ఆష్‌క్రాఫ్ట్, కిర్క్ ప్రచురించిన పరిశోధన దీని ప్రభావాన్ని వివరించింది. లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చే అంకెలను మనసు కొద్దిసేపు నిలిపి ఉంచుకోవాలి. ఆ స్వల్పకాలిక జ్ఞాపకంలో కొంత భాగాన్ని భయం ఆక్రమిస్తుంది. అందువలన స్థానమార్పిడి గల కూడికల వంటి వాటిలో తప్పులు పెరుగుతాయి.

కారణాలు

* పునాది అంశాలు రాకుండానే పై తరగతికి వెళ్ళడం. భిన్నాలు రానివారికి బీజగణితం కష్టమవుతుంది.
* "లెక్కలు అందరికీ రావు" అనే మాటను పెద్దల నోట పదేపదే వినడం.
* భాష. నెల్లిమర్ల వంటి చిన్న పట్టణాలలో తెలుగు మాధ్యమంలో చదివి ఆంగ్ల మాధ్యమానికి మారిన విద్యార్థికి, క.సా.గు. అంటే తెలిసినా ఎల్.సీ.ఎం. అనే పేరు కొత్తగా తోచవచ్చును. కర్ణమే హైపోటెన్యూస్ అని గ్రహించేవరకు తెలిసిన లెక్క కూడా తెలియనిదిగా కనబడుతుంది.

పదవ తరగతి పరీక్ష

ఆంధ్ర ప్రదేశ్‌లో 2023లో జరిగిన పదవ తరగతి పరీక్షలలో గణితం 100 మార్కులకు ఒకే పత్రంగా ఉన్నది. అందులో 1 మార్కు ప్రశ్నలు 12, 2 మార్కులవి 8, 4 మార్కులవి 8, 8 మార్కులవి 5. ఉత్తీర్ణతకు 35 మార్కులు కావాలి. మొదటి రెండు విభాగాలకే 28 మార్కులు కలవు. వాటికి 4 మార్కుల ప్రశ్నలు రెండు చేర్చినచో 36 అవుతాయి. పత్రాన్ని ఈ విధంగా విడదీసి చూసినప్పుడు "మొత్తం రాదు" అన్న భయం "ఏవి నేర్చుకోవాలి" అన్న ప్రశ్నగా మారుతుంది. ఈ భయం వల్లనే కొందరు ఇష్టం ఉన్నప్పటికీ ఇంటర్మీడియట్‌లో ఎం.పీ.సీ. వదులుకుంటారు. కనుక దీని ప్రభావం ఒక్క పరీక్షతో ముగియదు.

అధిగమించు మార్గాలు

* లెక్క ఎక్కడ ఆగిపోతున్నదో గుర్తించి, క్రింది తరగతి పుస్తకంలోని ఆ అంశాన్ని ముందుగా నేర్చుకోవాలి.
* చేసి ఉన్న లెక్కను చదవడంతో సరిపెట్టక, పుస్తకం మూసి తిరిగి చేయాలి.
* తప్పుపోయిన లెక్కలను వేరే నోటు పుస్తకంలో వ్రాసుకొని, కొన్ని రోజుల తరువాత మరల ప్రయత్నించాలి.
* పాత ప్రశ్నపత్రాలను గడియారం పెట్టుకొని వ్రాయాలి. దీనివలన పరీక్షా సమయం అలవాటవుతుంది.
* పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితంపై వ్రాసుకున్న విద్యార్థులకు మెరుగైన మార్కులు వచ్చినట్లు రామిరెజ్, బైలాక్ 2011లో ప్రకటించారు.
* పరీక్షలో తెలిసిన ప్రశ్నతో ఆరంభించాలి. మొదటి జవాబు సరిగా వచ్చినచో మనసు కుదుటపడుతుంది.