ఆ సైరన్ ఎవరింట్లోది?

సంక్రాంతి సెలవుల్లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో చాలా తలుపులకు తాళాలే కనిపిస్తాయి. అలాంటి ఒక రాత్రి ఎక్కడో సైరన్ అందుకుంటుంది. బాల్కనీల్లోకి తలలు వస్తాయి. "మన బ్లాకేనా?" "కాదండీ, వెనక బ్లాకులా ఉంది." వాచ్‌మన్ మూడో అంతస్తు ఎక్కి, నాలుగు కూడా చూసి, తల గోక్కుంటూ కిందికి దిగుతాడు. ఇంత మోత ఎటునుంచి వస్తోందో ఒక్కరూ చెప్పలేకపోవడం వింతే. అందులో మన చెవుల తప్పేమీ లేదు.

శబ్దం దిక్కును మెదడు రెండు ఆధారాలతో పోల్చుకుంటుందని లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. కుడివైపు మోగిన శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడు పసిగడుతుంది. ఈ పద్ధతి సెకనుకు సుమారు 1500 కంపనాల లోపు శబ్దాలకు బాగా పనికొస్తుంది. బాగా కీచుగా ఉండే శబ్దాలకైతే తల అడ్డుపడుతుంది కాబట్టి అవతలి చెవికి చిన్నగా వినిపిస్తుంది. మెదడు అప్పుడు ఆ హెచ్చుతగ్గులను చూస్తుంది. చిక్కంతా మధ్యలో ఉంది. 1936లో స్టీవెన్స్, న్యూమన్ అనే ఇద్దరు హార్వర్డ్ పరిశోధకులు భవనం డాబా మీద ఎత్తైన కుర్చీ వేసి, అందులో మనుషుల్ని కూర్చోబెట్టి శబ్దాలు వినిపించారు. దిక్కు చెప్పడంలో ఎక్కువ పొరపాట్లు జరిగింది 3 వేల కంపనాల దగ్గర. అక్కడ మొదటి ఆధారం చెల్లదు, రెండోది ఇంకా బలపడదు.

ఇళ్లలోని సైరన్లు, పొగ అలారాలు చాలావరకు మోగేది సరిగ్గా ఆ 3 వేల చుట్టుపక్కలే. మన చెవి రంధ్రం పొడవుకు ఆ కంపనాలే ఎక్కువ బలంగా వినబడతాయి, పైగా అలారంలోని చిన్న బిళ్లతోనే పెద్ద మోత పుట్టించవచ్చు. చెవిన పడటానికి అది బాగా పనికొచ్చే శబ్దమే, ఇల్లు చూపించడానికి మాత్రం అంతకు పనికిమాలిన శబ్దం లేదు. పైగా మెట్ల దారి గోడలు దాన్ని అటూ ఇటూ కొట్టి పంపుతాయి. అందుకే ఒకచోట నిలబడి చెవులు రిక్కిస్తే లాభం లేదు. తల పక్కకు తిప్పుతూ, ఒక్కో తలుపు ముందు ఆగుతూ నడవాలి. ఎక్కడ హెచ్చుతోందో అదే గుర్తు. బ్యాటరీ అయిపోవచ్చిన పొగ అలారం నిమిషానికి ఒకటి రెండుసార్లు "కీచ్" మని ఊరుకుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే అంతస్తుకో మనిషిని నిలబెట్టడమే మార్గం.

ఇల్లు దొరికిందనుకుందాం. దొంగ పడ్డాడా? గదిలో కదలికను పట్టే పరికరానికి దొంగ ఎవరో, దొర ఎవరో తెలియదు. దానికి తెలిసింది వేడి కదలడం ఒక్కటే. మనిషి ఒంటినుంచి 9, 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కిరణాలు ఎక్కువగా వెలువడతాయి. పరికరం ముందున్న గీతల ప్లాస్టిక్ కటకం గదిని పట్టీలుగా విడగొడుతుంది. వెచ్చనిదేదైనా ఒక పట్టీనుంచి ఇంకో పట్టీలోకి దాటితే లోపలి స్ఫటికంలో చిన్న విద్యుత్తు పుడుతుంది. మన ఎండాకాలం దీనికి గట్టి పరీక్ష. మూసిన గది గోడలు 35 డిగ్రీలకు చేరితే మనిషి చర్మానికీ గోడకూ తేడా దాదాపు ఉండదు, పరికరానికి మనిషి ఆనడు. దానికి విరుగుడుగా చాలా పరికరాల్లో వేడి పెరిగేకొద్దీ సున్నితత్వం పెంచే అమరిక ఉంటుంది. అప్పుడు కిటికీ సందులోంచి వచ్చిన వడగాలికి ఊగిన కర్టెన్ కూడా దొంగే అవుతుంది. ఇక బల్లి. అది గోడ వేడితోనే ఉంటుంది, దూరాన ఉంటే లెక్కలోకి రాదు. తిన్నగా కటకం మీదికే పాకిందంటే మాత్రం గదంతా కప్పేసినట్టే.

ఇప్పుడు చిన్న లెక్క. ఒక కాలనీలో అలారాలున్న ఇళ్లు 200 అనుకుందాం. రెండు నెలలకోసారి ఒక్కోటీ ఉత్తినే మోగినా ఏడాదికి 1200 మోతలు. నిజంగా దొంగలు పడేది ఏడాదికి రెండుసార్లనుకోండి. అంటే సైరన్ విన్నప్పుడు అది నిజమయ్యే అవకాశం సుమారు 600లో ఒకటి. పరికరం ఎంత మంచిదైనా, దొంగతనాలు అరుదు కాబట్టి ఈ లెక్క ఇలాగే వంకర పోతుంది. అమెరికాలో పోలీసులకు వచ్చే అలారం పిలుపుల్లో 90 శాతానికి పైగా ఉత్తవేనని తేలింది. సాల్ట్ లేక్ సిటీ పోలీసులు 2000లో ఒక నియమం పెట్టారు: ఎవరైనా చూసి ధ్రువీకరిస్తే తప్ప ఉత్త అలారానికి వెళ్లేది లేదు.

"నాన్నా పులి" కథ గుర్తొస్తుంది కదా. అందులో పిల్లవాడు ఆట పట్టించాడు. ఇక్కడ పరికరం అబద్ధమాడదు, చూసిందే చెబుతోంది. వినేవాళ్లకు మాత్రం ఫలితం ఒకటే. అలారాల్లో ఎన్ని నిజమవుతాయని మనకు అనిపిస్తే ఇంచుమించు అన్నింటికే స్పందిస్తామని 1990లలో జేమ్స్ బ్లిస్ బృందం ప్రయోగాల్లో చూసింది. దానికితోడు పదిమంది ఉన్నచోట ఇంకో జబ్బు ఉంది. 1968లో లటానే, డార్లీ ఒక గదిలోకి గోడ సందులోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం లేచి వెళ్లి చెప్పారు. ముగ్గురేసి కూర్చున్న బృందాల్లో కనీసం ఒక్కరైనా లేచినవి 38 శాతమే. ఎవరో ఒకరు చూస్తారులే అన్న మాట మన అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుల్లో రోజూ వినబడేదే.

పక్కింటివాళ్ల విలువ ఇక్కడే ఉంది. 600లో ఒకటి అన్న అంకె సైరన్ ఒక్కటే ఆధారమైనప్పటిది. తాళం విరిగి ఉందా, ఊరెళ్లినవాళ్ల ఇంట్లో లైటు వెలుగుతోందా, గాజు పగిలిన చప్పుడైందా? వీటిలో ఒక్కటి తోడైనా లెక్క పూర్తిగా తిరగబడుతుంది. కాబట్టి దూరం నుంచి చూడండి, ఇంటివాళ్లకు ఫోన్ చేయండి, రెండో ఆధారం దొరికితే 112కు చెప్పండి. లోపలికి వెళ్లడం మీ పని కాదు.

పొగ, గ్యాస్ అలారాలకు ఈ ఓపిక పనికిరాదు. వందసార్లు పోపు ఘాటుకో సాంబ్రాణికో మోగినా, నూటొకటోసారి చూడకపోతే పోయేది ప్రాణాలు. తాళం వేసిన ఇంట్లోనుంచి పొగ వాసన వస్తే అరచేతి వెనకభాగాన్ని తలుపుకు ఆనించండి. వేడిగా ఉంటే తెరవకుండా 101కి ఫోన్ చేసి, మెట్లమీదుగా అందరినీ దింపాలి.

గ్యాస్ పరికరంలో చాలావరకు ఉండేది టిన్ ఆక్సైడ్. జపాన్‌లో టగుచి 1962లో కనిపెట్టిన ఈ పద్ధతిలో పనిచేసే పరికరం దోమల స్ప్రేకీ శానిటైజర్‌కీ కూడా మోగుతుంది. అయినా నిజమనే అనుకోవాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలబారునే పరుచుకుంటుంది. గాలిలో 2 శాతం దగ్గరకు చేరితే అంటుకోగలదు. ఆ ఇంటి కాలింగ్ బెల్ నొక్కకండి, లైటు స్విచ్ వేయకండి, ఆర్పకండి. ఆ చిన్న నిప్పురవ్వ చాలు. తలుపు చేత్తోనే కొట్టండి, దూరం జరిగి 1906కు ఫోన్ చేయండి.

విసిగిపోయి కింద మీటర్ల దగ్గర మెయిన్ ఆపేసేవాళ్లూ ఉంటారు. చాలా సైరన్లకు సొంత బ్యాటరీ ఉంటుంది. కొన్నింటిని కరెంటు పోతే మోగేలాగే తయారుచేస్తారు. ఆపితే పెరగవచ్చు, లోపల ఫ్రిజ్‌లోవి పాడైన నింద అదనం.

మన శబ్ద కాలుష్య నియమాలు (2000) రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాలకు 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. సైరన్ మీటరు దూరాన వందకు పైనే ఉంటుంది. అలారం సంగతి విడిగా పట్టించుకున్నది ఇంగ్లండ్. అక్కడి 2005 చట్టం ప్రకారం కౌన్సిల్ ప్రకటించిన ప్రాంతాల్లో అలారం ఉన్నవారు తాళంచెవి దగ్గరుంచుకునే మరో మనిషి పేరు ఇవ్వాలి. 20 నిమిషాలు ఆగకుండా మోగితే అధికారులు వచ్చి ఆపించవచ్చు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో తెచ్చిన పద్ధతి ఇంకో దారి పట్టింది: తాళం వేసిన ఇంట్లో పెట్టిన కెమెరా కదలికను చూస్తే వీధిని లేపకుండా నేరుగా కంట్రోల్ రూముకే కబురు పంపుతుంది. నాకు ఇదే మెరుగనిపిస్తుంది.

మీ ఇంట్లోనే అలారం ఉంటే, ఎన్ని నిమిషాలకు సైరన్ తనంతట ఆగాలో చాలా ప్యానెళ్లలో ఒక అమరిక ఉంటుంది. ఊరెళ్లేముందు అది ఎంత పెట్టి ఉందో చూసి, ఒక తాళంచెవి, మీ ఫోన్ నంబరు పక్కింట్లో ఇచ్చి వెళ్లండి.