విస్మృతి నుంచి ధారణకు: 'ఫారెన్‌హీట్ 451' నవలలో మాంటాగ్ పరివర్తన

వ్యాససంగ్రహం:

రే బ్రాడ్‌బరీ రచించిన 'ఫారెన్‌హీట్ 451' నవలలో పుస్తకాలను తగలబెట్టే ఉద్యోగి గై మాంటాగ్ చివరికి వాటిని కాపాడేవాడిగా మారతాడు. ఈ మార్పుకు పుస్తకపఠనమే కారణమని సాధారణంగా భావిస్తారు. అయితే పఠనం కంటె మౌలికమైన అంశం జ్ఞాపకమని, మాంటాగ్ పరివర్తనను విస్మృతి నుంచి ధారణకు సాగిన ప్రయాణంగా గుర్తించవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఉపోద్ఘాతం:

1951లో 'గెలాక్సీ సైన్స్ ఫిక్షన్' పత్రికలో 'ది ఫైర్‌మన్' పేరుతో వెలువడిన పెద్దకథను విస్తరించి బ్రాడ్‌బరీ 1953లో ఈ నవలను ప్రచురించారు. నాజీ జర్మనీలో 1933లో జరిగిన పుస్తకదహనాల స్మృతి, అమెరికాలో మెకార్తీ కాలపు అనుమాన వాతావరణం ఈ రచనకు నేపథ్యం. పుస్తకాలు లేని లోకాన్ని చిత్రించిన ఈ కథను ఆయన రాసింది ఒక గ్రంథాలయంలోనే. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేలమాళిగలో, అరగంటకు పది సెంట్లు చెల్లించి అద్దె టైపురైటరుపై రాశారు.

నవలలో 'ఫైర్‌మన్' అనే పదం కీలకమైనది. ఆంగ్లంలో ఈ మాట నిప్పుతో సంబంధమున్న మనిషిని మాత్రమే సూచిస్తుంది. ఆర్పేవాడా, అంటించేవాడా అన్నది మాటలో లేదు. తెలుగులో 'అగ్నిమాపక' అన్నప్పుడు ఆర్పడమనే అర్థం ఇమిడి ఉంటుంది. అందుచేత మూలంలోని సందిగ్ధత తెలుగులోకి సులభంగా రాదు. బ్రాడ్‌బరీ సృష్టించిన సమాజం ఆ సందిగ్ధతను ఆసరాగా చేసుకొని పదం పూర్వార్థాన్ని ప్రజల మనసులలోంచి తుడిచివేసింది.

2. మరపు పునాదిగా నిలిచిన సమాజం:

మాంటాగ్ వయస్సు 30 ఏళ్లు. పదేళ్లుగా ఉద్యోగంలో ఉన్నాడు, కాల్చడంలో ఆనందం పొందుతాడు. ఫైర్‌మెన్ వ్యవస్థను బెంజమిన్ ఫ్రాంక్లిన్ కాలంలో, 1790లో, పుస్తకాలను కాల్చడానికే స్థాపించారని వారి నియమావళి చెబుతుంది. మాంటాగ్‌కు తెలిసిన చరిత్ర అదే. అంటే అక్కడ పుస్తకాలకు ముందే గతం దగ్ధమైంది.

ఈ మరపు ఇంటిలోపలికి కూడా చొరబడింది. మాంటాగ్ భార్య మిల్డ్రెడ్ నిద్రమాత్రలు అధికంగా మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. మరునాటి ఉదయం ఆ సంగతే ఆమెకు గుర్తుండదు. తాము మొదట ఎక్కడ కలుసుకున్నామో భార్యాభర్తలిద్దరికీ జ్ఞాపకం లేదు. పొరుగింటి యువతి క్లారిస్ మరణించి ఉంటుందన్న వార్తను మిల్డ్రెడ్ నాలుగు రోజుల తరువాత, చెప్పడం మరచిపోయానంటూ చెబుతుంది. గోడలను ఆక్రమించిన దృశ్యతెరలు, చెవులలో నిరంతరం మోగే చిన్న రేడియోలు ఏ అనుభవాన్నీ మనసులో నిలవనివ్వవు. అధికారి బీటీ వివరణ ప్రకారం నిషేధం పైనుంచి ఆజ్ఞగా దిగిరాలేదు. వేగాన్ని, సంక్షిప్తతను, ఎవరినీ నొప్పించని వినోదాన్ని కోరిన ప్రజలే మొదట పఠనాన్ని విడిచిపెట్టారు. చట్టం ఆ తరువాత వచ్చింది.

3. జాగృతి మనుషులతో ఆరంభం:

మాంటాగ్‌ను మొదట కదిలించినది పుస్తకం కాదు. ఒకప్పుడు ఫైర్‌మెన్ మంటలను ఆర్పేవారట కదా అని క్లారిస్ అడుగుతుంది. నీవు సంతోషంగా ఉన్నావా అని ప్రశ్నిస్తుంది. మొదటి ప్రశ్న తుడిచివేసిన చరిత్రను తిరిగి తెరిస్తే, రెండవది అతడిని తనలోకి తాను చూసుకునేలా చేస్తుంది. తరువాత ఒక వృద్ధురాలు తన పుస్తకాలను విడిచి బయటికి రావడానికి నిరాకరించి, తానే అగ్గిపుల్ల గీసి వాటితోపాటు దగ్ధమవుతుంది. ఆ ఇంటిలో మాంటాగ్ చేయి ఒక పుస్తకాన్ని దొంగిలిస్తుంది. ఆ పని తన ప్రమేయం లేకుండా చేయి చేసినట్లుగానే అతనికి తోస్తుంది. మేధ అంగీకరించకముందే దేహం తిరుగుబాటు చేసిందని దీని భావం.

4. జల్లెడలో ఇసుక:

నవల రెండవ భాగం శీర్షిక 'జల్లెడ, ఇసుక'. బాల్యంలో ఒక బంధువు జల్లెడను ఇసుకతో నింపితే పది సెంట్లు ఇస్తానన్న సంఘటన మాంటాగ్‌కు గుర్తుకు వస్తుంది. ఎంత వేగంగా పోస్తే అంత వేగంగా ఇసుక జారిపోయింది. భూగర్భ రైలులో బైబిల్‌ను కంఠస్థం చేయబోయినప్పుడు ఒక పళ్లపొడి ప్రకటన అతని ప్రయత్నాన్ని పదేపదే భగ్నం చేస్తుంది. చేతిలో పుస్తకం ఉన్నా మనసులో నిలవడం లేదు. నిషేధాన్ని ధిక్కరించడం అతనికి సాధ్యమైంది. ఏకాగ్రత ఇంకా సాధ్యం కాలేదు.

విశ్రాంత ఆచార్యుడు ఫేబర్ ఈ లోపాన్ని స్పష్టపరుస్తాడు. కావలసినవి మూడు: జీవితాన్ని సూక్ష్మంగా చూపే నాణ్యత గల సమాచారం, దానిని జీర్ణించుకునే తీరిక, ఆ రెండింటి నుంచి నేర్చుకున్నదానిని ఆచరించే హక్కు. పుస్తకం వీటిలో మొదటిదానికి ఒక వాహకం మాత్రమే.

5. బీటీ జ్ఞాపకం, గ్రాంజర్ ధారణ:

జ్ఞాపకమే విముక్తి అయితే బీటీని ఎలా అర్థం చేసుకోవాలి? అతనికి ఎన్నో గ్రంథాలు కంఠస్థం. వాటిలోని వాక్యాలను ఒకదానిపైకి మరొకదానిని ఉసిగొల్పి, సాహిత్యమంతా పరస్పర విరుద్ధమని వాదించి మాంటాగ్‌ను గందరగోళపరుస్తాడు. అతని వద్ద జ్ఞాపకం ఉంది, బాధ్యత లేదు. చివరికి మాంటాగ్ అతడిని దహించివేస్తాడు. మేల్కొన్నవాడు కూడా పాత ఆయుధాన్నే వాడాడన్నది ఈ పరివర్తనలోని చేదునిజం.

నది దాటాక కనిపించిన నిప్పు వేరు. అడవిలో గ్రాంజర్ బృందం చలి కాచుకుంటోంది. మంట ఇవ్వగలదని కూడా మాంటాగ్‌కు అక్కడే తెలుస్తుంది. ఆ బృందంలో ప్రతి మనిషీ ఒక గ్రంథాన్ని తన మనసులో భద్రపరచినవాడు. మాంటాగ్ బైబిల్‌లోని 'ప్రసంగి' గ్రంథానికి ఆశ్రయమవుతాడు. అవధాన విద్య పరిచితమైన తెలుగు పాఠకులకు 'ధారణ' అన్న మాట ఇక్కడ సహజంగా స్ఫురిస్తుంది. అవధాని ధారణ ప్రతిభకు నిదర్శనం. ఈ బృందం ధారణ రాబోయే తరాలకు అప్పగించవలసిన నిక్షేపం. తాము ముఖ్యులం కామని, తాము మోస్తున్నదే ముఖ్యమని వారు నమ్ముతారు.

నగరంపై బాంబులు పడిన క్షణంలో మాంటాగ్‌కు హఠాత్తుగా గుర్తుకు వస్తుంది: మిల్డ్రెడ్‌ను మొదట కలిసింది షికాగోలో. నవల ఆరంభంలోని ఖాళీ ఇప్పుడు నిండింది, కాని పంచుకోవడానికి ఆమె లేదు. గ్రంథవాక్యాలు అతని మనసులో కుదురుకునేది ఈ వ్యక్తిగత స్మృతి తిరిగివచ్చిన తరువాతనే.

6. ముగింపు:

మాంటాగ్ పరివర్తన అజ్ఞాని పండితుడు కావడం కాదు. ఏదీ నిలవని మనసు నిలుపుకోవడం నేర్చుకోవడం. దహనానికి విరుగుడు కేవలం పఠనం కాదు, బాధ్యతతో కూడిన ధారణ. ఈ నవల చరిత్ర కూడా దీనినే బలపరుస్తుంది. 1967 నుంచి పాఠశాలల కోసం వెలువడిన ముద్రణలో ప్రచురణకర్తలు రచయితకు తెలియకుండా అనేక మాటలను మార్చారు, తొలగించారు. 1979లో ఈ సంగతి తెలుసుకున్న బ్రాడ్‌బరీ పూర్తిపాఠాన్ని పునరుద్ధరింపజేశారు. సెన్సార్‌షిప్‌ను ఖండించిన పుస్తకమే సెన్సార్ అయింది. తొలిపాఠాన్ని గుర్తుంచుకున్నవారు ఉన్నప్పుడే అటువంటి తొలగింపు బయటపడుతుంది. సాహిత్య బోధకులకు, పరిశోధకులకు ఈ నవల అప్పగించే బాధ్యత అదే.