మసకలో మాయమవుతున్న ఊరు

సారస పక్షి ఫోటోలో పక్షి ఎంత స్పష్టంగా ఉండాలన్నదే కాదు, దాని వెనుక ఏం కనిపించాలన్నదీ ఫోటోగ్రాఫర్ చేతిలోనే ఉంది

గ్రేటర్ నోయిడా దాటి దన్‌కౌర్ వైపు వెళితే ధనౌరీ చిత్తడి నేల వస్తుంది. చలికాలం ఉదయాల్లో పొగమంచు విడవకముందే ఢిల్లీ నుంచి, నోయిడా నుంచి కార్లు అక్కడికి చేరుకుంటాయి. దిగేవారి భుజాన మోచేయంత పొడవున్న లెన్స్‌లుంటాయి. వారొచ్చేది ప్రధానంగా సారస పక్షుల కోసం. ఎగరగల పక్షుల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయినది ఇదే. నిటారుగా నిలబడితే దాదాపు మనిషంత ఉంటుంది. ఉత్తరప్రదేశ్ రాష్ట్ర పక్షి కూడా.

వారు తీసే ఫోటోల్లో చాలావాటికి ఒక పోలిక ఉంటుంది. ఎర్రటి తల, బూడిదరంగు ఒళ్లు, ఈక ఈకా లెక్కపెట్టగలిగేంత స్పష్టత. వెనుక మాత్రం పచ్చగానో, పసుపుగానో కరిగిపోయిన మసక. ఆ మసకలో ఉన్నది గోధుమ చేనా, హైటెన్షన్ తీగలా, కట్టుబడిలో ఉన్న భవనమా అన్నది చూసేవారికి తెలియదు. దాన్ని చెరిపేసింది ఏ కంప్యూటరో కాదు. ఫోటోగ్రాఫర్ లెన్స్‌పై ఎంచుకున్న ఒక అంకె, నిలబడటానికి ఎంచుకున్న చోటు.

ఫోటోగ్రఫీలో దీన్ని డెప్త్ ఆఫ్ ఫీల్డ్ అంటారు. అంటే ఫోటోలో స్పష్టంగా కనిపించే మేర లోతు. నిజానికి ఏ లెన్స్ అయినా ఒకే ఒక్క దూరంలో ఉన్న వస్తువును కచ్చితంగా ఫోకస్ చేయగలదు. దానికి ముందూ వెనుకా ఉన్న ప్రతి బిందువూ సెన్సర్‌పై చిన్న వలయంగా పడుతుంది. ఆ వలయం మరీ చిన్నదైతే కంటికి బిందువులాగే తోస్తుంది. 35 ఎంఎం ఫిల్మ్ కాలం నుంచి దీనికి 0.03 మిల్లీమీటర్లను హద్దుగా లెక్కిస్తున్నారు. వలయం అంతకు మించితే మసక మొదలవుతుంది.

వలయాన్ని చిన్నది చేసే మొదటి సాధనం అపర్చర్. లెన్స్‌లోకి కాంతిని వదిలే రంధ్రమిది. రంధ్రం ఇరుకైతే కాంతి సన్నటి పాయగా లోపలికి వస్తుంది, వలయాలు చిన్నవవుతాయి, స్పష్టత ముందుకీ వెనక్కీ విస్తరిస్తుంది. కళ్లజోడు మరిచిపోయిన పెద్దలు కళ్లు చికిలించి బస్సు బోర్డు చదివేది ఈ సూత్రం మీదే. కొత్తవారిని తికమకపెట్టే సంగతి ఒకటుంది. అంకె పెరిగితే రంధ్రం తగ్గుతుంది. ఎందుకంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను రంధ్రం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ నంబరు. 50 ఎంఎం లెన్స్‌లో ఎఫ్/2 అంటే 25 మిల్లీమీటర్ల రంధ్రం. ఎఫ్/16 అంటే కేవలం మూడు మిల్లీమీటర్లు.

అయితే అపర్చర్ ఒక్కటే అన్నీ తేల్చదు. ఫోకల్ లెంగ్త్, వస్తువుకున్న దూరం అంతకంటే బలమైనవి. 600 ఎంఎం లెన్స్‌తో 40 మీటర్ల దూరంలోని సారసను ఎఫ్/4 వద్ద తీస్తే స్పష్టత ఉండే లోతు మీటరుకు కాస్త ఎక్కువ, అంతే. 20 మీటర్ల దగ్గరికి వెళితే అది పాతిక సెంటీమీటర్ల పైచిలుకుకు పడిపోతుంది. కన్ను ఫోకస్‌లో ఉంటే తోక మసకబారవచ్చు. పోనీ 40 మీటర్ల నుంచే ఎఫ్/16కు మారినా దక్కేది నాలుగు మీటర్ల పైచిలుకే. దూరాన ఉన్న భవనం అప్పటికీ స్పష్టంగా రాదు.

మరి పక్షినీ, దాని వెనుక ఊరునూ ఒకే ఫోటోలో పట్టుకోవడమెలా? వెనక్కి జరగాలి, పొట్టి లెన్స్ తీసుకోవాలి. 200 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/11 వద్ద ఉంచి, 120 మీటర్ల దూరంలోని పక్షిపై ఫోకస్ చేస్తే సుమారు 60 మీటర్ల నుంచి దిగంతం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. ఇలా సరిపోయే దూరాన్నే హైపర్‌ఫోకల్ దూరం అంటారు. మూల్యం కూడా ఉంది. పక్షి ఫ్రేము ఎత్తులో తొమ్మిదో వంతుకు కుదించుకుపోతుంది. ఎఫ్/4తో పోలిస్తే కాంతి ఎనిమిదో వంతే అందుతుంది కనుక షట్టర్ వేగమైనా తగ్గించాలి, ఐఎస్ఓ అయినా పెంచాలి. లాభం మరొకటుంది. వర్షాకాలంలో నీళ్ల మధ్య గూడు కట్టుకునే సారసల దగ్గరికి వెళ్లి వాటిని బెదరగొట్టాల్సిన పని ఉండదు.

ఇక్కడ నేపథ్యానికి విలువ ఎందుకంటే, ఈ ప్రాంతపు కథంతా నేపథ్యంలోనే ఉంది. గ్రేటర్ నోయిడా పారిశ్రామికాభివృద్ధి సంస్థ 1991లో ఏర్పాటైంది. అప్పటి నుంచి పల్లెలు, పొలాలు సెక్టార్లుగా మారుతూ వచ్చాయి. 2011 మేలో భట్టా, పార్సౌల్ గ్రామాల్లో భూసేకరణపై రైతులకూ పోలీసులకూ మధ్య జరిగిన ఘర్షణ ప్రాణాలు తీసింది. అదే ఏడాది అక్టోబరులో బుద్ధ్ సర్క్యూట్‌లో ఫార్ములా వన్ కార్లు దూసుకెళ్లాయి. 2012 ఆగస్టులో యమునా ఎక్స్‌ప్రెస్‌వే ప్రారంభమైంది. 2021 నవంబరులో జేవర్ విమానాశ్రయానికి పునాదిరాయి పడింది. పక్షులకు ముఖ్యమైన ఆవాసంగా బర్డ్‌లైఫ్ ఇంటర్నేషనల్ గుర్తించిన ధనౌరీ ఈ మార్పుల నడుమనే ఉంది. దానికి చట్టపరమైన రక్షణ కావాలన్న పోరాటం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది.

అలాంటి చోట నేపథ్యం లేని ఫోటో అందంగా ఉంటుంది కానీ సాక్ష్యం చెప్పదు. ఆ పక్షి ధనౌరీదో, ఇటావాదో, భరత్‌పూర్‌దో ఎవరు చెప్పగలరు? అలాగని మసకను అబద్ధమనడం సరికాదు. గజిబిజిగా ఉన్న దృశ్యంలోంచి ఒక ప్రాణిని వేరు చేసి చూపేది అదే. సారసను ఎన్నడూ చూడనివారికి దానిపై మమకారం కలిగించేది కూడా తరచూ అలాంటి ఫోటోనే.

పాతతరం ఫోటోగ్రాఫర్లకు మసక ఓ అడ్డంకి. గ్రేటర్ నోయిడాకు ఎంతో దూరంలో లేని మీరట్ దగ్గరి సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ తర్వాత హైదరాబాద్‌లో ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరై, ‘రాజా’ బిరుదు పొందారు. ఆ కాలపు పెద్ద గాజు ప్లేట్లకు పొడవైన ఫోకల్ లెంగ్త్ కావాల్సి వచ్చేది కనుక స్పష్టత లోతు సహజంగానే తక్కువ. రంధ్రం బాగా ఇరుకు చేసి, ఎక్కువసేపు కాంతి పడనిస్తేనే భవనాలు, బృందాలు వివరంగా వచ్చేవి. ఆనాటి ఫోటోల్లోని వాస్తునూ, వేషధారణనూ చరిత్రకారులు నేడు చదవగలుగుతున్నారంటే ఆ ఓపికే కారణం. 1932లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్ తదితరులు ఇరుకు అపర్చర్ పేరే పెట్టుకుని ‘గ్రూప్ ఎఫ్/64’గా ఏర్పడ్డారు.

ఇప్పుడు పరిస్థితి తలకిందులైంది. ఒప్పో, వివో వంటి సంస్థల ఫోన్లు తయారయ్యేది గ్రేటర్ నోయిడాలోనే. ఫోన్ కెమెరాల అసలు ఫోకల్ లెంగ్త్ కొద్ది మిల్లీమీటర్లే కాబట్టి వాటిలో దాదాపు అంతా స్పష్టంగానే వస్తుంది. కొనుగోలుదారు కోరేది మాత్రం మసక. 2016లో యాపిల్ ఐఫోన్ 7 ప్లస్‌తో ప్రాచుర్యం పొందిన ‘పోర్ట్రెయిట్ మోడ్’ దాన్ని లెక్కలతో సృష్టిస్తుంది. ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో సాఫ్ట్‌వేర్ అంచనా కట్టి వెనుకదాన్ని అలికేస్తుంది. ఎగిరే వెంట్రుకల దగ్గర, కళ్లజోడు అంచుల వద్ద అది పొరబడటం కనిపిస్తూనే ఉంటుంది. నేపథ్యాన్ని తుడిచేయడానికి ఇప్పుడు ఖరీదైన లెన్స్ కూడా అక్కర్లేదు.

ధనౌరీకి కెమెరాతో వెళ్లేవారు చేయగలిగింది చిన్న పనే. ఎఫ్/4లో మనసుకు నచ్చిన ఫోటో తీసుకున్నాక, లెన్స్ మార్చి ఎఫ్/11లో మరొకటి తీయాలి. తేదీ, స్థలం రాసి దాచాలి. మొదటిది గోడకు పనికొస్తుంది. అక్కడ ఒకప్పుడు నీళ్లు, పక్షులు ఉండేవా అన్న ప్రశ్న కోర్టులో తలెత్తిన రోజున అవసరమయ్యేది రెండోదే.