కొండదారిలో కుటుంబం: నడకకు కొలత మాటే

కుటుంబమంతా కలిసి కొండ ఎక్కితే చాలు, అనుబంధం దానంతట అదే గట్టిపడుతుందన్న అభిప్రాయం బలంగా ఉంది గానీ, అలిపిరి నుంచి తిరుమలకు సాగే సుమారు 3,550 మెట్ల దారిని కాసేపు గమనిస్తే అది సగమే నిజమని తేలుతుంది. కుర్రాళ్లు ముందే దారిలోని గాలిగోపురం చేరి సెల్‌ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటే, తల్లి మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ, తాత ఆగి ఆగి ఆయాసం తీర్చుకుంటూ, ఎవరి దారిన వారు ఎక్కుతుంటారు.

మనుషులను కలిపేది మాట, ఆ మాట సాగాలా వద్దా అని తేల్చేది నడక వేగం. మనిషి మాట్లాడేది ఊపిరి వదిలేటప్పుడు కనుక, నిండు వాక్యం పలకాలంటే గాలిని గబుక్కున పీల్చి నెమ్మదిగా వదలాలి. మెట్లెక్కేటప్పుడు శరీర బరువును పైకి లేపే తొడ కండరాలు బొగ్గుపులుసు వాయువును అధికంగా విడుదల చేస్తాయి. దానిని బయటికి పంపడానికి మెదడు శ్వాసను వేగిరపరుస్తుంది. అప్పుడు నెమ్మదిగా ఊపిరి వదిలే వ్యవధి ఉండదు. అందుచేత మొదట వాక్యాలు పొట్టివవుతాయి, తరువాత ఊకొట్టడమే మిగులుతుంది, చివరికి అదీ ఆగిపోతుంది. వ్యాయామ శాస్త్రంలో శ్రమను ఇలా మాటతో కొలవడాన్ని ‘మాట పరీక్ష’ అనవచ్చు.

కలిసి నడవడం కాడి మోయడం లాంటిదే. కాడికి కట్టిన జతలో ఒక ఎద్దు ఎంత గుంజినా బండి సాగేది రెండోదాని అడుగును బట్టే. మరీ గుంజితే కాడి వంకరపోయి బలహీనమైనదాని మెడ పుండవుతుంది. రైతు సమానమైన ఎడ్లను ఏరి జతకట్టగలడు గానీ, కుటుంబం మనవరాలినీ తాతనూ ఒకే కాడికి కట్టవలసిందే. పైగా మెట్టు ఎత్తు అందరికీ ఒకటే అయినా, పొట్టి కాళ్ల పిల్లకు అది పెద్దవారికన్నా చాలా పెద్ద అంగ. కనుక నెమ్మదిగా నడిచేవారే ముందుండి, మిగిలినవారు వారి వెనుక చేతికందే దూరంలో రావాలి.

దారిలోని తలయేరుగుండు అనే బండకు మోకాళ్లు ఆనిస్తే నొప్పులు పోతాయని కొందరి నమ్మకం. ఉపశమనం కలిగితే ఆ ఘనత అక్కడ నిలబడిన కాసేపటి విశ్రాంతిదే. నిటారైన మోకాళ్ల పర్వతం దగ్గర మాత్రం ఎవరికీ మాట రాదు, రానక్కరలేదు.

2023 ఆగస్టులో ఈ దారిలో ఆరేళ్ల బాలిక చిరుత దాడికి బలైన తరువాత, పిల్లలతో వచ్చేవారు మధ్యాహ్నం 2 గంటల తరువాత నడవకుండా దేవస్థానం ఆంక్ష పెట్టింది. పిల్లల అడుగుతో నడవదలచినవారు ప్రయాణం నాటికి అమలులో ఉన్న నిబంధనలు తెలుసుకుని, తెల్లవారగానే బయలుదేరడం మేలు.