ముందు నలుగురు ఎందుకు?

ములుగులోనైనా ఇంకెక్కడైనా, బడి పిల్లల ఫుట్‌బాల్ ఆటలో అందరూ బంతి వెంటే పరిగెడతారు. అవతలి జట్టు ఒక్కచోట గుమిగూడితే చాలు, దారి మూసుకుపోతుంది.

దీనికి విరుగుడు 4-2-4 అనే అమరిక. 1958లో బ్రెజిల్ ప్రపంచకప్ గెలిచింది దీంతోనే. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన భారత జట్టుకూ దీన్ని నేర్పారు. వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. ఆ నలుగురిలో ఇద్దరు మైదానం అంచుల్లోనే ఉంటారు. వాళ్లను కాయడానికి డిఫెండర్లు పక్కకు జరిగితే గోల్ ముందు సందు దొరుకుతుంది; జరగకపోతే అంచునున్నవాడు అడ్డు లేకుండా దూసుకుపోతాడు. పాపం, మధ్యలో ఇద్దరికే ఊపిరాడదు!

1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఏకంగా ముందు వరుసలో దించారు. ఫైనల్లో ఆయన గోల్ కొట్టారు. దక్షిణ కొరియాపై 2-1తో స్వర్ణం మనదైంది. ఆ రోజు ఎడమ అంచున ఆడింది సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం.